ఎవరి సాయమూ లేకుండా

రాజ్యశ్రీ తన పోటీ సంగతి ఇంట్లో చెప్పింది దసరా మర్నాడు, అందరూ కడుపునిండా తిని మెత్తగా ఉన్న సమయం చూసి. ఈ నెలాఖరు శనివారం తెల్లవారుతూనే వెనక గదిలోకి వెళ్తాననీ, సోమవారం తెల్లవారేదాకా అక్కడే ఉంటాననీ, ఇంటి పైకప్పు కూలితే తప్ప ఎవరూ పిలవకూడదనీ చెప్పింది. భర్త రాజేశ్వరరావు తలూపాడు. ఆయన ఏ మాటకైనా ముందు తలూపేసి, దాని అర్థం తర్వాత తీరిగ్గా వెతుక్కునే మనిషి. అత్తగారు చిన్నమ్మి మాత్రం తమలపాకుకి సున్నం రాస్తూ ఆగిపోయింది.

"రొండ్రోజులు గదిలో ఒక్కర్తివీ ఏటి సేస్తావే?"

"మాట్లాడతాను అత్తయ్యా."

"ఎవులతోటి?"

"ఎవరు పలికితే వాళ్ళతో. జపానువాళ్ళు, ఇటలీవాళ్ళు, బ్రెజిల్‌వాళ్ళు."

చిన్నమ్మి కొడుకు వైపు చూసింది. కోడలిని కంపెనీ ఆసుపత్రిలో ఎవరికైనా చూపించావా అని అడుగుతున్న చూపు అది. రాజేశ్వరరావు దానికీ తలూపాడు.

నిజానికి ఆ ఇంట్లో రేడియో కొత్త కాదు. కొత్తదల్లా ఈ రెండు రోజుల తలుపు.

రాజ్యశ్రీ పుట్టి పెరిగింది బస్తర్ అడవుల్లోని బచేలీలోనే. వాళ్ళ నాన్న విజయనగరం నుంచి ఇనపరాయి తవ్వే కొండకి పనికొచ్చి, ఆ కొండ కిందే ఇల్లు పెట్టుకున్నాడు. ఆవిడకి చదువు అవగానే కంపెనీ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగం దొరికింది. చెవులకి హెడ్‌ఫోను, ఎదురుగా బోర్డు, చేతిలో ప్లగ్గులు. దంతెవాడ కావాలన్నవాళ్ళకి దంతెవాడ, విశాఖపట్నం కావాలన్నవాళ్ళకి విశాఖపట్నం కలిపేది. ఊరందరి మాటలూ ఆవిడ చేతుల మీదుగా వెళ్ళేవి. ఆవిడ మాట్లాడేది మాత్రం ఒక్కటే, నంబరు చెప్పండి అని. కొన్నేళ్ళకి మిషను వచ్చి ఆ ప్లగ్గుల పని తనే చేసుకోవడం మొదలుపెట్టాక రాజ్యశ్రీని స్టోర్సుకి మార్చారు. అక్కడ నట్లు, బోల్టులు, బేరింగులు. అవి ఎంతసేపు చూసినా నంబరు అడగవు.

ఆ దిగులులో ఉన్నప్పుడే ఎవరో హ్యామ్ రేడియో గురించి చెప్పారు. ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, సొంతంగా ఒక సెట్టు, ఒక తీగ పెట్టుకుంటే చాలు. మధ్యలో ఏ కంపెనీ లేకుండా ప్రపంచంలో ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు. రాజ్యశ్రీ పరీక్ష రాసింది. లైసెన్సు ఎంతకీ రాలేదు, వచ్చాక మాత్రం మేడ మీద నుంచి పెరటి నేరేడు చెట్టు దాకా తీగ కట్టించింది. మూడో రోజే థానా నుంచి ఇద్దరు పోలీసులు వచ్చారు. బస్తర్‌లో ఇంటి మీద తీగలు కడితే థానా రాకుండా ఉంటుందా? రాజ్యశ్రీ కాగితాలు చూపించి, చాయ్ ఇచ్చి, శ్రీలంకలో ఉన్న ఒక పెద్దాయనతో వాళ్ళ చేతే నమస్తే చెప్పించింది. అప్పటి నుంచి ఆ వీధిలో గస్తీ తిరిగేవాళ్ళు గేటు దగ్గర ఆగి, మేడమ్ ఈరోజు ఏ దేశం అని అడిగి వెళ్తున్నారు.

ఇక పోటీ. ఏటా అక్టోబరు చివరి శని ఆదివారాల్లో ప్రపంచంలో ఉన్న హ్యామ్‌లందరూ ఒకేసారి రేడియో మీద పడతారు. ఎంతమందితో మాట్లాడితే అన్ని మార్కులు, ఎన్ని దేశాలు దొరికితే అన్ని రెట్లు. జట్టుగా కూర్చుని ఆడేవాళ్ళున్నారు. ఒక్కరే కూర్చున్నా ఇంటర్నెట్ సాయం తీసుకునేవాళ్ళున్నారు. ఫలానా దేశంవాడు ఫలానా చోట పిలుస్తున్నాడని అందులో ఎవరో ఒకరు ఎప్పటికప్పుడు పెడుతూ ఉంటారు, చూసుకుని అక్కడికి తిప్పుకోవడమే. రాజ్యశ్రీ ఆడేది ఈ రెండూ కాదు. మనిషి ఒక్కరే ఉండాలి, ఎవరి సాయమూ ఉండకూడదు. ఎవరు ఎక్కడున్నారో తన చెవులతో తనే వెతుక్కోవాలి. కిందటేడు ఇలాగే ఆడితే దేశంలో రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం కొచ్చి వైపు ఒకాయనది. ఆయన మొహం ఎలా ఉంటుందో రాజ్యశ్రీకి తెలియదు గానీ ఆ గొంతు మాత్రం కలలోకి కూడా వస్తోంది.

చిన్నమ్మి ఈ నియమాలన్నీ విని చాలా సందేహాలు అడిగింది. అన్నం పెడితే సాయమవుతుందా? కాదు. మంచినీళ్ళు? అవీ కావు. మెడ పట్టేస్తే కొబ్బరినూనె రాయొచ్చా? రాజ్యశ్రీ నియమాల పుస్తకంలో మెడ గురించి ఏమీ రాయలేదని చెప్పింది.

"మరి ఏది సెయ్యకూడదో అది సెప్పు."

"నాకు రేడియో గురించి ఏమీ చెప్పకూడదు. అంతే."

"నాకేటి తెల్సని సెప్తానే," అని చిన్నమ్మి ఆకు నోట్లో పెట్టుకుంది.

శనివారం సూర్యుడు రాకముందే రాజ్యశ్రీ స్నానం చేసి గదిలోకి వెళ్ళింది. గడియారం పోటీ సమయాన్ని తాకగానే రేడియో నిండా ఒక్కసారి గోల లేచింది. సంతలో ఎండుచేపల వరసా కోళ్ళ వరసా కలిసిపోయి అరుస్తున్నట్టుంటుంది ఆ గోల. రాజ్యశ్రీ అందులో ఒక ఖాళీ చూసుకుని, మైకు నొక్కి, ఎవరైనా ఉన్నారా అని పిలిచింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత జపాను మొత్తం ఒక్కసారే పలికింది.

బచేలీకి పడమటి పక్కన కొండ గోడలా నిలబడి ఉంటుంది. అందుకని యూరప్ వైపు మాటలు కష్టపడి దాన్ని దాటాలి. తూర్పు మాత్రం తెరిచి ఉంటుంది. పొద్దున పూట జపానువాళ్ళు వరసలో నిలబడ్డ పిల్లల్లా ఒకరి తర్వాత ఒకరు వచ్చి, పేరు చెప్పి, నంబరు చెప్పి, థాంక్యూ చెప్పి పక్కకి తప్పుకుంటారు. ఎక్స్‌ఛేంజిలో చేసిన చేతులు కదా, రాజ్యశ్రీ ఒక చేత్తో కంప్యూటర్లో ఎక్కిస్తూ, రెండో చేత్తో మైకు నొక్కుతూ, ఊపిరి తీసుకునే చోట కూడా ఒకరిని పలకరించింది. పిలిచినవాళ్ళు పలుకుతున్నారు, పలికినవాళ్ళు తనతోనే మాట్లాడుతున్నారు. ఇంకెవరికో కలపక్కర్లేదు. ఆ సంతోషానికి ఆవిడ కాళ్ళు బల్ల కింద వాటంతటవే ఆడుతున్నాయి.

ఉప్మా తెచ్చిన చిన్నమ్మి కాసేపు తలుపు దగ్గర నిలబడి విన్నది. సెలవులకి వచ్చే మనవరాళ్ళ దగ్గర ఇంగ్లీషు అంకెలు నేర్చుకుంది ఆవిడ.

"ఏటమ్మా, అందరికీ ఒకటే నంబరు సెప్తన్నావు. ఫిఫ్టీ నైన్, ట్వెంటీ టూ."

యాభై తొమ్మిది అంటే నీ గొంతు బ్రహ్మాండంగా వినపడుతోందని, ఇరవై రెండు అంటే మనం ఉన్న ప్రాంతం నంబరని రాజ్యశ్రీ మైకు వదలకుండానే చెప్పింది.

"ఇందాకోడి గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. ఆడికీ యాభై తొమ్మిదేనా?"

పోటీలో అందరికీ అదే ఇస్తారని రాజ్యశ్రీ ఒప్పుకుంది. చిన్నమ్మి పెదవి విరిచి వెళ్ళిపోయింది. రెండు దినాలు తిండీ నిద్రా మానుకుని అబద్ధాలు చెప్పడానికా అని హాల్లో కొడుకుతో అనడం గోడలోంచి వినపడింది.

మధ్యాహ్నానికి కొండముచ్చులు దిగాయి. అడవి పక్కనే గనక అవి టౌన్‌షిప్పులోకి రావడం మామూలే. కానీ ఆ రోజు వాటికి నేరేడు చెట్టుకి కట్టిన తీగ ఉయ్యాలలా కనిపించింది. రాజ్యశ్రీకి గదిలో ఉన్నట్టుండి వినికిడి పడిపోయింది, సెట్టు మీద ముల్లు పిచ్చిపట్టినట్టు ఊగింది. ఆవిడ హెడ్‌ఫోను విసిరేసి మేడ మీదికి పరిగెత్తేసరికి ఒక పెద్ద కొండముచ్చు తీగ పట్టుకుని వేలాడుతూ, తోక పొడుగ్గా వదిలి, పక్కింటి జామచెట్టు వైపు లెక్క చూసుకుంటోంది. రాజ్యశ్రీ అదిలించింది. అది పళ్ళు చూపించింది. అప్పటికి చిన్నమ్మి బట్టలారేసే కర్రతో ఎక్కివచ్చి, నేల మీద రెండు దెబ్బలు కొట్టి, పార్వతీపురం సంతలో కూడా వినపడేలా ఒక కేక వేసింది. కొండముచ్చు దిగి గోడ దాటి పోయింది.

ఇది సాయమవుతుందా అని చిన్నమ్మి ఆయాసపడుతూ అడిగింది. కోతుల గురించి కూడా పుస్తకంలో లేదని చెప్పి, రాజ్యశ్రీ మెట్లు రెండేసి చొప్పున దిగి గదిలోకి వెళ్ళిపోయింది.

అసలు చిక్కు సాయంత్రం వచ్చింది.

పక్క క్వార్టర్లో ఉండే సత్యమూర్తి ఆ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆయన ఉద్యోగమంతా క్రషర్ ప్లాంటులోనే గడిచింది. కొండరాయిని పిండి చేసే ఆ మిషన్ల మధ్య ఎవరి మాటా ఎవరికీ వినపడదు గనక, మాట్లాడటం దండగని చాలా ఏళ్ళ క్రితమే మానేశాడు. గోడకి అటూ ఇటూ ఇన్నేళ్ళుగా ఉంటున్నా, రాజ్యశ్రీతో ఆయన మొత్తం కలిపి ఒక పేజీ మాటలు మాట్లాడి ఉంటాడేమో. అలాంటి మనిషికి యూనియన్ వాళ్ళు ఆ శనివారమే వెనక మైదానంలో సన్మానం పెట్టారు. టెంటు వేశారు, కుర్చీలు వేశారు. బుధ్‌రాం అనే మైకుసెట్టు ఆయన గీదం అనే ఊరి నుంచి పెద్ద పెద్ద స్పీకర్లు తెచ్చి, వాటి తీగలన్నీ నేరేడు చెట్టు కిందుగా లాగాడు. రాజ్యశ్రీ తీగ పైన, ఆయన తీగలు కింద.

పొద్దు కొండ వెనక్కి వాలేసరికి యూరప్ తెరుచుకుంది. రాజ్యశ్రీ పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్న సమయం అదే. ఇటలీ, జర్మనీ, పోలండ్, ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఇప్పుడు దొరికినన్ని మార్కులు మళ్ళీ రేపు సాయంత్రం దాకా దొరకవు. ఆవిడ పిలుస్తోంది, వాళ్ళు పలుకుతున్నారు. గది బయట ఏమవుతోందో ఆవిడకి తెలియదు.

బయట మైదానంలో యూనియన్ సెక్రటరీ మైకు ముందుకొచ్చి, మన సత్యమూర్తిగారు అనగానే, స్పీకర్లు బాతులా క్వాక్ క్వాక్ అన్నాయి. ఆయన ఆగాడు. బాతూ ఆగింది. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు, బాతూ మొదలుపెట్టింది. జనం నవ్వారు. బుధ్‌రాం ఆంప్లిఫయర్‌ని అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. ఒక తీగ పీకి ఇంకోటి పెట్టాడు. చివరికి అగరువత్తి కూడా వెలిగించాడని తర్వాత చెప్పుకున్నారు. మొదటి వరసలో కూర్చున్న రాజేశ్వరరావుకి మాత్రం ఆ బాతు నడక, ఆ తొందర, మధ్యలో ఆగే తీరు ఎక్కడో విన్నట్టు అనిపించింది. లేచి ఇంటికి పరిగెత్తాడు.

తలుపు తియ్యకూడదని ఆయనకి తెలుసు. అందుకని బయటే నిలబడి తలుపుకి నోరు ఆనించి చెప్పాడు.

"రాజీ, నువ్వు మైదానంలో మాట్లాడుతున్నావు."

రాజ్యశ్రీకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తన మాటే కింది స్పీకరు తీగల్లోకి దిగుతోందని అర్థమయ్యాక సెట్టు బలాన్ని ఎంత తగ్గించగలదో అంత తగ్గించి, ఒకసారి పిలిచి చూసింది. మైదానంలో బాతు కాస్త చిన్నదైంది, అంతే. బాతు పిల్ల. జనం ఇంకా ఎక్కువ నవ్వారు. అప్పటికే సత్యమూర్తిని మైకు ముందుకి తెచ్చారని, కాయితం పట్టుకుని ఆయన బాతు ఆగడం కోసం చూస్తున్నాడని రాజేశ్వరరావు పెరట్లోంచి చూసొచ్చి తలుపులోంచి చెప్పాడు.

ఆవిడ కిటికీలోంచి చూసింది. టెంటు కింద, మెడలో బంతిపూల దండతో, ఇస్త్రీ చొక్కాలో సత్యమూర్తి చిన్నగా కనిపించాడు. యూరప్ చెవిలో మోగుతోంది. ఎవరో ఫిన్లాండు ఆయన రాజ్యశ్రీ కాల్‌సైనే, అంటే దేశం గుర్తుతో లైసెన్సులో ఇచ్చే పిలుపు పేరే, పట్టుకుని పిలుస్తున్నాడు. పలకడానికి వేలు మైకు మీదే ఉంది. కొచ్చి ఆయన ఈ క్షణాన ఆగి ఉండడు. రాజ్యశ్రీ వేలు తీసేసింది.

"ఎంతసేపు మాట్లాడతారు?" అని తలుపుని అడిగింది.

"సత్యమూర్తిగారా? నాలుగు ముక్కలు మాట్లాడితే గొప్ప," అన్నాడు రాజేశ్వరరావు.

ఆయన లెక్క తప్పింది. తన గొంతు అంత పెద్దగా, అంత స్పష్టంగా, క్రషర్ చప్పుడు లేకుండా వినపడటం సత్యమూర్తికి జీవితంలో అదే మొదటిసారి. ముందు కాయితం చూసి చదివాడు. తర్వాత కాయితం జేబులో పెట్టాడు. తర్వాత మైకుని స్టాండులోంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. పట్టుకున్నాక ఇక వదల్లేదు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి మొదలుపెట్టి, ఏ ఏడు ఏ మిషను వచ్చింది, దాని దంతాలు ఎలా అరిగాయి, అన్నీ వరసగా చెప్పుకొచ్చాడు.

మాట్లాడకూడదు గానీ వినడానికి అడ్డేమీ లేదు గనక రాజ్యశ్రీ ఒక చెవికి హెడ్‌ఫోను పెట్టుకునే కూర్చుంది. ఒక చెవిలో యూరప్. అందులో కొచ్చి గొంతు హాయిగా, తాపీగా ఒకరి తర్వాత ఒకరిని ఏరుకుంటోంది. రెండో చెవిలో సత్యమూర్తి బేరింగులు. ఆవిడ పళ్ళు నూరుకుంది. బేరింగుల నుంచి తప్పించుకుని ఇంటికొస్తే ఇక్కడా బేరింగులే.

అప్పుడు స్పీకర్లో సత్యమూర్తి గొంతు కాస్త మారింది.

ఒక వానాకాలం ఘాట్ మీద కొండచరియలు పడి రైళ్ళు ఆగిపోయాయని చెప్పాడు. అప్పుడు ఆయన భార్య విశాఖపట్నంలో పురిటికి ఆసుపత్రిలో ఉంది. వెళ్ళే దారి లేదు. ఆయన తడుస్తూ కంపెనీ ఎక్స్‌ఛేంజికి వెళ్ళాడు. లోపల కూర్చున్న అమ్మాయి ఎలాగో ఆసుపత్రి వార్డుకి లైను కలిపింది. అక్కడ ఫోను ఎత్తిన ఆయా, ఉండండి చూసొస్తానని రిసీవరు బల్ల మీద పెట్టి వెళ్ళి, ఆ సంగతే మర్చిపోయింది. సొంత పనులకి అంతంతసేపు లైను ఇవ్వకూడదు.

"ఆ అమ్మాయి లైను తియ్యలేదండి," అన్నాడు సత్యమూర్తి. "మధ్యలో పెద్దసాబు వైజాగ్ కావాలని అడిగితే, లైను ఖరాబ్ సాబ్ అని చెప్పింది. ఆ సాబు ఇప్పుడు ఇక్కడ లేరు కాబట్టి చెబుతున్నాను. మా అమ్మాయి మొదటి ఏడుపు నేను ఆ ఫోనులో విన్నాను. అప్పుడు నాకు థాంక్స్ చెప్పడం రాలేదు. ఆ అమ్మాయి మా పక్కింట్లోనే ఉంది. ఇప్పుడు రేడియోలో ఏదో పోటీలో ఉందట."

రాజ్యశ్రీకి ఆ రోజు గుర్తులేదు. అలాంటి వానలు, అలాంటి లైన్లు చాలా ఉన్నాయి. ఎంత వెతికినా సత్యమూర్తి తడిసిన మొహం దొరకలేదు. కానీ ఎక్కడో ఒక వార్డులో ఫ్యాను టకటక కొట్టుకుంటున్న చప్పుడు, ఎవరో పళ్ళెం కింద పడేసిన చప్పుడు, ఆ తర్వాత ఒక సన్నటి కేక మాత్రం చెవిలో లేచాయి. లైను మీద తానూ ఉంది కదా, తానూ వినే ఉంటుంది. ఆవిడ యూరప్ ఉన్న చెవి మీద నుంచి కూడా హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

సత్యమూర్తి అక్కడితో ఆపుతాడని అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టనిచ్చి, మళ్ళీ బేరింగుల దగ్గరికి వెళ్ళాడు.

భోజనాల వేళకి ఆయనే స్వయంగా కిటికీ దగ్గరికి వచ్చాడు. దండ ఇంకా మెడలోనే ఉంది, చేతిలో బూందీ పొట్లం.

"ఆ బాతు మీరేనట గదమ్మా," అన్నాడు.

రాజ్యశ్రీ క్షమించమంది. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. ఇక పాటలే పెడతారని, వాటిలో బాతు కలిసినా వాయిద్యం అనుకుంటారని, ధైర్యంగా కానివ్వమని చెప్పాడు. మాట్లాడటం అలవాటైంది కాబోలు, ఇంకేదో చెప్పబోయి, సెట్టు వైపు చూసి, పొట్లం కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు. రాజ్యశ్రీ మళ్ళీ మైకు అందుకునేసరికి యూరప్‌లో మంచి భాగం అయిపోయింది. మిగిలినవాళ్ళు గాలి తీసిన బెలూనులా వినపడుతున్నారు. ఆ రాత్రి కొంత ఆడింది, కొంత కుర్చీలోనే కునికింది.

ఆదివారం ఆవిడ కసి మీద ఉంది. రాజేశ్వరరావుకి మాత్రం ఆవిడ మొహం చూస్తే జాలేసింది. తను తలుపు దగ్గరికి వచ్చి చెప్పడం వల్లే నిన్న సాయంత్రం పోయిందని ఆయన బాధ. ఏదైనా చేసి తీర్చాలి. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఫోను తీసుకుని వరండాలో కూర్చుని, ఆ ఇంటర్నెట్ పేజీ ఏదో వెతికి పట్టాడు. దేశాల పేర్లు, నంబర్లు, ఒకదాని కింద ఒకటి పరిగెడుతున్నాయి. వాటిలో టోగో అని కనిపించింది. ఆఫ్రికాలో అంత చిన్న దేశం రాజ్యశ్రీకి ఇంతవరకు దొరికి ఉండదని ఆయనకి గట్టి నమ్మకం. కానీ తిండీ టీలూ తీసుకెళ్ళే చిన్నమ్మి తప్ప ఎవరూ గదిలోకి వెళ్ళకూడదు. అందుకని తల్లికి ఆ దేశం పేరూ, రేడియోలో అది పలుకుతున్న చోటు నంబరూ రెండుసార్లు చెప్పి, టీ గ్లాసు చేతిలో పెట్టి పంపాడు.

చిన్నమ్మి నంబరు వల్లె వేసుకుంటూ బయల్దేరింది. దారిలో వంటింట్లో పాలు పొంగుతుంటే ఆగి స్టవ్ కట్టేసింది. గదిలోకి వచ్చి టీ పెట్టి, మైకు వదిలేదాకా మర్యాదగా ఆగి చెప్పింది.

"తోకోడు వచ్చినాడంట."

రాజ్యశ్రీ ఇంకేమీ వినలేదు. హెడ్‌ఫోను లాగేసి, అత్తగారిని దాటుకుని, చెప్పులు కూడా లేకుండా మేడ మీదికి పరిగెత్తింది. తీగ నిశ్చలంగా ఉంది. నేరేడు చెట్టులో ఒక కాకి ఉంది. పక్కింటి జామచెట్టు ఖాళీ. ఆవిడ నాలుగు పక్కలా చూసి కిందికి వచ్చేసరికి వరండాలో రాజేశ్వరరావు వెలిగిపోతున్న మొహంతో నిలబడి ఉన్నాడు.

"దొరికిందా?"

"ఎక్కడా లేదండీ. పారిపోయినట్టుంది."

"పారిపోవడమేంటి, ఇప్పుడే పెట్టారు. టోగో!"

రాజ్యశ్రీ ఆయన చేతిలో ఫోను చూసింది. ఆయన నంబరు చెప్పడానికి నోరు తెరుస్తున్నాడు. ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. అంతటితో ఆగక, ఎక్కువ శబ్దం కావాలని, నోటికొచ్చిన ఎక్కం చదవడం మొదలుపెట్టింది. గేటు బయట గస్తీ జవాను ఒకడు ఆగి, మేడమ్ ఎక్కం చదువుతుంటే సార్ ఫోను ఊపుతుండటం చూసి, ఈరోజు ఏ దేశమని అడగకుండానే వెళ్ళిపోయాడు.

రాజేశ్వరరావు ఫోను జేబులో పెట్టాక గానీ ఆవిడ చేతులు తియ్యలేదు. అప్పుడు వచ్చింది కోపం. ఆవిడ అరవలేదు. పోటీ ఎందుకు ఆడుతోందో మెల్లిగా చెప్పింది. ఇన్నేళ్ళూ ఏ పని చేసినా పక్కన ఒకరు ఉన్నారు, ముందు నాన్న, తర్వాత సూపర్‌వైజరు, తర్వాత మీరు అని చెప్పింది. మీరు మంచివారే అని కూడా చెప్పింది. ఏడాదికి రెండు రోజులు మాత్రం తన చెవి ఎంత దూరం వెళ్తుందో తనే చూసుకోవాలని ఉందంది.

"ఓడిపోయినా పర్లేదా?" అన్నాడాయన.

"నేనే ఓడిపోవాలి," అంది రాజ్యశ్రీ.

ఆయన జేబులోంచి ఫోను తీసి కట్టేశాడు. ఇలా అనుకోలేదన్నాడు, నిజంగానే అనుకోలేదు. చిన్నమ్మి గుమ్మంలో నిలబడి, తన తప్పేమీ లేదని, నంబరు పాల దగ్గరే మర్చిపోయానని, దేశం పేరు కూడా సరిగ్గా చెప్పలేదని చెప్పుకుంది. అది విని రాజ్యశ్రీకి కోపంలోనే నవ్వొచ్చింది.

సాయంత్రం యూరప్ మళ్ళీ వచ్చింది. మైదానం ఖాళీ, బాతు గొడవ లేదు. రాజ్యశ్రీ మంచి ఊపులో ఆడింది. ఆ హడావుడి సద్దుమణిగాక ఎప్పట్లాగే ఒక కొస నుంచి ఇంకో కొసకి నెమ్మదిగా తిప్పుకుంటూ వస్తుంటే, బలహీనంగా, ఫ్రెంచి యాసతో ఒక గొంతు తగిలింది. పాపం ఎవరూ పలకడం లేదు, ఒక్కడే పిలుచుకుంటున్నాడు. కాల్‌సైను విని రాజ్యశ్రీ బిగుసుకుపోయింది. టోగో.

పలకాలా వద్దా? ఎక్కడున్నాడో తనకెవరూ చెప్పలేదు, తన చెవికే దొరికాడు. కానీ ఇవాళ రేడియో మీద ఉన్నాడని ముందే తెలుసు. తెలియకపోతే ఈ మూలకి ఇంత నెమ్మదిగా వచ్చేదా? వచ్చేదే. రోజూ వచ్చే దారే ఇది. ఇలా ఆవిడ తనతో తను వాదించుకుంటుండగా ఆ గొంతు ఇంకోసారి పిలిచింది, ఈసారి కాస్త అలిసిపోయినట్టు. పిలిచినవాడికి పలకకుండా కూర్చోవడం ఆవిడ చేతకాదు. మైకు నొక్కింది. ఆయన సంతోషం చూసి ఈవిడకీ సంతోషం వేసింది. నిజంగా నూతిలోంచి వచ్చినట్టున్న ఆ గొంతుకి యాభై తొమ్మిది ఇచ్చింది.

సోమవారం పోటీ అయిపోయాక పడుకుని లేచి, లెక్కలు పంపేటప్పుడు, నిర్వాహకులకి జరిగినదంతా రాసింది. తోక సంగతి, కొండముచ్చు సంగతి, ఎక్కం సంగతి. మీ దృష్టిలో అది సాయమైతే నన్ను సాయం తీసుకునేవాళ్ళ వరసలో వెయ్యండి, నాకు అభ్యంతరం లేదు అని ముగించింది. రాజేశ్వరరావు అది చదివి, ఎవరికి తెలుస్తుందని ఇదంతా అన్నాడు గానీ పంపొద్దనలేదు.

జవాబు చలికాలంలో వచ్చింది. పొడుగు జవాబు కాదు. మీ అత్తగారు చెప్పిన పేరుతో మా జాబితాలో ఏ దేశమూ లేదు గనక అది సమాచారం కిందికి రాదని, మీవారి నంబరు ఎక్కంలో మునిగిపోయింది గనక అదీ రాదని, మీ ఎంట్రీ మీరు కోరిన చోటే ఉంటుందని, ఇంతకీ కొండముచ్చు క్షేమమేనా అని రాశారు. రాజ్యశ్రీ దాన్ని తెలుగులో చదివి వినిపిస్తే చిన్నమ్మి, నాను సెప్పలేదా అంది.

ఫలితాలు ఇంకా ఆలస్యంగా వచ్చాయి. రాజ్యశ్రీకి మూడో స్థానం. కిందటేటి కంటే ఒక మెట్టు కిందికి. తమాషా ఏమిటంటే కొచ్చి ఆయనకీ మొదటిది రాలేదు. ఎవరో గువాహటి అమ్మాయి, కొత్తగా లైసెన్సు తీసుకున్నదట, ఇద్దరినీ దాటుకుని పోయింది. ఆ వారం కొచ్చి గొంతు పోటీలో కాకుండా మామూలుగా దొరికింది. ఇద్దరూ మొదటిసారి తీరిగ్గా మాట్లాడుకున్నారు. పోటీ శనివారం సాయంత్రం మీరేమైపోయారు, నేను మీ కోసం చూశాను అని ఆయన అడిగాడు. రాజ్యశ్రీ మొత్తం చెప్పింది. సత్యమూర్తి ఎంతసేపు మాట్లాడాడో విన్నాక ఆయన చాలాసేపు నవ్వాడు.

రాజేశ్వరరావు ఆ వేసవిలో లైసెన్సు పరీక్షకి పుస్తకాలు తెప్పించుకున్నాడు. బయట నుంచి సాయం చేస్తేనే కదా తప్పు, లోపల కూర్చుని జట్టుగా ఆడితే తప్పు లేదు కదా అన్నాడు. ఆయన చెప్పింది నిజమే, అలాంటి పోటీలూ ఉన్నాయి. రాజ్యశ్రీ ఆలోచించి, పరీక్ష పాసైతే మార్చిలో వచ్చేది ఇద్దరం కలిసి ఆడదామని, అక్టోబరుది మాత్రం తనకే వదిలెయ్యమని చెప్పింది. ఆయన సరేనన్నాడు. ఇంకా పరీక్ష తేదీ కూడా రాకముందే బజారుకెళ్ళి వెనక గదికి ఒక కుర్చీ కొనుక్కొచ్చాడు. అది సెట్టు పక్కన పడుతుందా లేదా అని మొగుడూ పెళ్ళాలు అటూ ఇటూ జరుపుకుంటుంటే, చిన్నమ్మి గుమ్మంలో నిలబడి, మరి నాదేదిరా అని అడిగింది.